శస్త్రచికిత్సానంతర ధనుర్వాతం: వయోజన పురుషులలో రోగనిరోధక లోపం

ధనుర్వాతం అనగానే తుప్పుపట్టిన మేకు గుర్తుకు వస్తుంది. శస్త్రచికిత్స గదిలో పడిన గాటు గుర్తుకు రాదు. అయితే అభివృద్ధి చెందుతున్న దేశాలలో శస్త్రచికిత్స తరువాత ఈ వ్యాధి సోకడం అరుదైనా, అపూర్వమేమీ కాదు.

వ్యాధికారకమైన క్లాస్ట్రీడియం టెటానై సిద్ధబీజాలు మట్టిలోనూ, పశువుల పేడలోనూ, కొన్నిసార్లు మనిషి పేగులలోనూ ఉంటాయి. పరికరాలను నీళ్లలో మరిగించినంత మాత్రాన ఇవి నశిస్తాయన్న హామీ లేదు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ వద్ద, పీడనంతో కూడిన ఆవిరి అవసరం. విద్యుత్తు నిలకడగా లేని చిన్న ఆసుపత్రికి ఇది సులభసాధ్యం కాదు. పైగా పేగులకు చేసే శస్త్రచికిత్సలో పరికరాలు ఎంత శుద్ధమైనా, సూక్ష్మజీవి రోగి శరీరం నుండే గాయంలోకి చేరవచ్చు. కనుక పరిశుభ్రత ఒక్కటే రక్షణ అనుకోవడం అసంపూర్ణమైన ఆలోచన.

ఇందుకు ఆఫ్రికా అనుభవం ముఖ్య నిదర్శనం. హెచ్‌ఐవీ నివారణకై పురుషులకు స్వచ్ఛంద వైద్య సున్తీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సిఫార్సు చేసింది. తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాలలో ఈ కార్యక్రమం విస్తరించిన తరువాత కొద్దిమందికి ధనుర్వాతం సోకినట్లు నమోదైంది. శస్త్రచికిత్సకు బదులు సాగే ఉంగరం వంటి సాధనాన్ని బిగించే పద్ధతిలో ఈ ప్రమాదం ఎక్కువగా కనిపించింది. రక్తప్రసరణ ఆగిన చర్మం కొన్ని రోజులపాటు శరీరంపైనే ఎండుతూ ఉంటుంది. ప్రాణవాయువు లేని మృతకణజాలం ఈ సూక్ష్మజీవికి అనువైన చోటు. అందుకే ఆ సాధనాన్ని వాడేముందు రెండు మోతాదుల టీకా పూర్తికావాలని సంస్థ సూచించింది.

బాధితులకు బాల్యంలో టీకా అందివుండవచ్చు. కానీ ఆ రక్షణ కాలక్రమేణా క్షీణిస్తుంది. స్త్రీలకు గర్భధారణ సమయంలో మళ్లీ టీకా అందుతుంది. పురుషులకు అటువంటి సందర్భం లేదు. మన దేశానికీ ఇది వర్తిస్తుంది. మాతాశిశు ధనుర్వాత నిర్మూలనను ఆంధ్రప్రదేశ్ 2003లోనే, భారతదేశం 2015లో సాధించాయి. అది ఘనమైన విజయమే. అయితే నలభై ఏళ్లు దాటిన రైతుకు హెర్నియా శస్త్రచికిత్స నాటికి రక్షణ ఉన్నదో లేదో ఆ విజయం తెలుపదు.

ముందుగా నిర్ణయించిన శస్త్రచికిత్సలలో టీకాకు వ్యవధి దొరుకుతుంది. మునుపు టీకా పొందనివారికి కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు ఇవ్వాలి. అత్యవసర స్థితిలో, కలుషితమైన గాయమైతే, టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం. విషం నాడీకణాలను పట్టుకున్న తరువాత ఏ మందూ దానిని విడిపించలేదు. వారాల తరబడి కృత్రిమ శ్వాసతో నిరీక్షించవలసిందే. వ్యాధి నుండి కోలుకున్నవారికి సైతం సహజ రోగనిరోధకత ఏర్పడదు. ఇంటికి పంపేముందు వారికీ టీకా మొదలుపెట్టాలి.