అతుకుల భాష – మారిషస్ ద్వీపమున మన తెలుగు

కల్పిత ద్వీపములను గూర్చిన కథలు బాలురకు మిక్కిలి ప్రీతికరములు. కొందఱు రచయితలు తమ కల్పిత దేశములకు పటములను, రాజులను మాత్రమే గాక భాషలనుగూడ నిర్మించియున్నారు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన టోల్కీన్, ఫిన్నిష్ భాష యందలి సొగసునకు ముగ్ధుడై, దాని పోకడలతో ‘క్వెన్యా’ యను భాషను తన కథలలోని జనులకు కల్పించెను. కథకొరకు గాక లోకోపయోగముకొరకే భాషను నిర్మించినవాడు జామెన్‌హాఫ్ అను నేత్రవైద్యుడు. ఆయన 1887లో ప్రకటించిన ఎస్పెరాంటోలో ఆస్పత్రికి ‘మాల్‌సానులేయో’ అని పేరు. మాల్ అనగా విపరీతము, సాన్ అనగా ఆరోగ్యము, ఉల్ అనగా మనుష్యుడు, ఏయ్ అనగా స్థలము. తుది ‘ఓ’ నామవాచకమునకు గుర్తు. అనారోగ్యవంతులుండు చోటు ఆస్పత్రియే గదా!

ఇట్లు చిన్న చిన్న పదాంశములను ఒకదాని వెనుక నొకటి అతికించి పెద్ద మాటలను కూర్చు భాషలను పండితులు సంశ్లేషణాత్మక భాషలందురు. ఇట్టి వింత భాషను వెదకుచు కల్పిత ద్వీపమునకు పోనక్కఱలేదు. మనము తల్లియొడిలో నేర్చిన తెలుగు అట్టిదే. అది ఒక నిజమైన ద్వీపదేశమునకు వలసపోయిన చరిత్రయు కలదు.

మొదట అతుకుల సంగతి విచారింతము. తరగతిలో మేము ‘చేయు’ అను ధాతువునిచ్చి, దానిని ఎంతవఱకు పెంచగలరో పెంచుడని పిల్లల నడుగుదుము. చేయించు, చేయించుకొను అని మొదలిడి, ‘చేయించుకొనలేకపోయినవారికి’ అనువఱకు వారు పోవుదురు. ఇందు ఇంచు అనునది ఇతరులచేత చేయించుటను, కొను అనునది తనకొరకు అనుటను, లేక అనునది అశక్తతను, పోయిన అనునది గడచిన కాలమును, వారు అనునది మనుష్యులను, కి అనునది విభక్తిని తెలుపును. ఈ యొక్క మాటను ఇంగ్లీషులో చెప్పవలెనన్న ఇంచుమించు పది విడిమాటలు కావలసివచ్చును. ఇంత పొడవైన మాటను ఐదేండ్ల బిడ్డయు వ్యాకరణము చదువకయే తడుముకొనక పలుకుచున్నది!

సంస్కృతముతో పోల్చినయెడల ఈ గుణము మఱింత విశదమగును. ‘చెట్టుకు’ అనుటకు సంస్కృతమున వృక్షాయ అనియు, ‘చెట్లకు’ అనుటకు వృక్షేభ్యః అనియు రూపములు. ఏకవచనము మాఱి బహువచనము రాగానే ప్రత్యయమే పూర్తిగా మాఱిపోయినది. వచనమును విభక్తియు అందు కరగి కలిసిపోయినవి. తెలుగులో నట్లుగాదు. చెట్టుకు, చెట్లకు అను రెంటియందును ‘కు’ అదియే. బహువచనపు ‘లు’ మాత్రము నడుమ వచ్చి ‘ల’ అయినది. సంస్కృత ప్రత్యయము పాలలో కరగిన పంచదారవంటిది. తెలుగు ప్రత్యయము దండలో గ్రుచ్చిన పూవువంటిది, దేనికది కనబడుచునే యుండును. ఈ ‘కు’ ఇకారము పిమ్మట ‘కి’గా మాఱుటయు గమనింపదగినది: చెట్టుకు, నదికి. పొరుగు అచ్చునుబట్టి తన అచ్చును దిద్దుకొనుట దాని మర్యాద.

సంస్కృతపదములు మన భాషలో విస్తారముగా నుండుటచే తెలుగు సంస్కృతమునుండి పుట్టినదని పూర్వము పలువురు తలచిరి. 1816లో చెన్నపట్టణమున క్యాంబెల్ ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు ఎల్లిస్ వ్రాసిన పీఠిక, తెలుగు తమిళ కన్నడములు వేఱొక కుటుంబమునకు చెందినవని చూపెను. 1856లో కాల్డ్‌వెల్ తన ద్రావిడభాషల వ్యాకరణమున దానిని విస్తరించెను. వారు అరువు తెచ్చుకొన్న పదములను మాత్రమే గాక, ధాతువులను అతుకులనుగూడ చూచిరి. ఇల్లెవరిదో తెలియుటకు అందలి సామానును గాక పునాదిని చూడవలెను గదా!

ఇక ద్వీపము మాట. మా ముక్తేశ్వరమునుండి గౌతమిని దాటి కోటిపల్లి రేవున దిగి, ఆవలి గట్టువెంట దిగువకు పోయినయెడల యానామును, దానికి ఉత్తరముగా కోరంగియు వచ్చును. నేడు మడ అడవులకు ప్రసిద్ధమైన ఆ కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టు గొప్ప రేవు. 1789లోను 1839లోను వచ్చిన తుపానులు దానిని ఘోరముగా దెబ్బతీసినవి. అక్కడినుండి సముద్రము దాటినవారు అనేకులగుటచే బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అనియే పేరు పడెను.

హిందూమహాసముద్రమున మడగాస్కరుకు తూర్పుగా సుమారు 2,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యముగల దేశము మారిషస్. అక్కడ బానిసత్వము 1835లో రద్దయినది. చెఱకుతోటల యజమానులు కూలీలకొరకు మన దేశమువంక చూచిరి. 1834 మొదలు ఇరువదవ శతాబ్దపు ఆరంభమువఱకు సుమారు నాలుగున్నర లక్షలమంది ఒప్పందపు కూలీలుగా అచ్చట దిగిరి. వారిలో బీహారువారు అధికులు, తెలుగువారు కొలదిమంది. 1843లో ‘కోరంగి పాకెట్’ అను ఓడ కోరంగి రేవునుండి తెలుగువారిని గొనిపోయెను. వారు దిగిన పోర్టులూయీ రేవులోని ‘ఆప్రవాసీ ఘాట్’ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైనది.

మారిషస్‌లో జనుల నడిబజారు భాష క్రియోలు. ఫ్రెంచి మాటలతో పుట్టిన యీ భాష నడక తెలుగునకు పూర్తిగా భిన్నము. ‘మో మాంజే’ అనగా నేను తిందును. ‘మో తి మాంజే’ అనగా నేను తింటిని. ‘మో పు మాంజే’ అనగా నేను తినబోవుదును. కాలమును తెలుపు తి, పు అనునవి క్రియకు ముందు విడిగా నిలుచును. నీవు తిన్నను, వాడు తిన్నను ‘మాంజే’ మాఱదు. మనకు తింటిని, తింటివి, తినెను అని క్రియ తుదనే కర్త తెలియుచున్నాడు. కావున క్రియోలు పలుకుచు పెరిగిన బిడ్డ తెలుగు నేర్వబూనినప్పుడు కొత్త మాటలకంటె కొత్త అతుకులే ఎక్కువ కష్టమగుట సహజము.

అక్కడి తెలుగువారు తమ గుర్తును విడువలేదు. 1947లో ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగినవి. పాఠశాలలలో తెలుగు నేర్పుచున్నారు. రామభజనలు నేటికిని వినబడుచున్నవి. అయినను ఇంట తల్లిబిడ్డల సంభాషణ చాలవఱకు క్రియోలునకు మాఱినది. పండుగల పేళ్లు, పాటలు నిలిచినవి. దినదినము మాటకు మాటను అతికించు అలవాటు సన్నగిలినది.

ఇందు మన కోనసీమ తలిదండ్రులకు ఒక పాఠము కలదు. పిల్లలు ‘బస్సులోనుండి’, ‘స్కూలుకు’ అన్నంతమాత్రమున భాష చెడినదని భయపడవలదు. మాట పరాయిదైనను లోనుండి, కు అను అతుకులు మనవే. మాటలు అరువు తెచ్చుకొన్నంతమాత్రమున భాష నశింపదు. అతుకుట మఱచినప్పుడే నశించును. అతుకుట నేర్పునది పాఠ్యపుస్తకము కాదు, భోజనమువేళ ఇంటిలోని సంభాషణ. సముద్రము దాటిన కూలీలకు తోటపనిలో తీరిక దొరకలేదు. నాలుగు తరములకు వారి మనుమల నోట తెలుగు సన్నగిలెను. తీరికయుండియు మనము పిల్లలతో తెలుగున మాటలాడకున్నయెడల, ఓడ ఎక్కకయే మన యింటి భాషను పోగొట్టుకొన్నవారమగుదుము. ఇంగ్లీషును శ్రద్ధగా నేర్వవలసినదే. ఐనను బిడ్డ తాతతో పలుకు మాట తెలుగై యుండవలెను. విద్యార్థులు ఈ సెలవులలో ఇంటి పెద్దలను అడిగి, కొబ్బరితోటలోను, ఏటిగట్టునను, లంకలలోను వాడు మాటలను నూఱింటిని వ్రాసికొని రావలెనని మా కోరిక. ఒక్కొక్క మాటను ఒక్కొక్క వాక్యమున చేర్చి తెండు; అతుకులు ఎట్లు పడినవో తరగతిలో కలిసి చూతము.