వేళకు ముందే మేలుకొనే ఆకలి

రోజూ ఒకే వేళకు గింజలు చల్లే ఇంట్లో, చేట బయటికి రాకముందే కోళ్లు వాకిట్లో చేరతాయి. ఇది మన ఊళ్లలో అందరూ ఎరిగిన సంగతే. 1922లో అమెరికాలో కర్ట్ రిక్టర్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలలో దీన్ని గమనించారు. రోజుకు ఒక్కసారే మేత పెడితే, ఆ వేళ దగ్గరపడేకొద్దీ అవి అటూ ఇటూ తిరగసాగేవి. తర్వాతి పరిశోధనలలో ఈ హడావుడి 2, 3 గంటల ముందే మొదలవుతుందని తేలింది.

మెదడులో పగలు రాత్రి తెలిపే గడియారం వంటి భాగం ఒకటి ఉంది. దాన్ని తీసివేసినా ఎలుకలు మేత వేళను మరువలేదని 1979లో కనుగొన్నారు. అయితే 18 గంటలకొకసారి మేత పెడితే మాత్రం వాటికి లెక్క అందదు. రోజుకొకసారి అయితేనే అందుతుంది.

ఇక ఒత్తిడి హార్మోను. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుండి ఇది వస్తుంది. ఎలుక రాత్రి తిరిగే జీవి గనుక, దానికి ఈ హార్మోను సాయంత్రం పెరుగుతుంది. పగలు మాత్రమే మేత పెడితే, మేతకు ముందు కూడా పెరుగుతుంది. అయితే ఎదురుచూపుకు ఇదే కారణమా? కాదు. అడ్రినల్ గ్రంథులు తీసివేసిన ఎలుకలు కూడా ఎదురుచూశాయి. ఎదురుచూపులో ఆకలి పాత్ర పెద్దది. కడుపు నిండిన ఎలుకలు సైతం వేళకు వచ్చే రుచికరమైన తిండి కోసం కాచుకుంటాయి గానీ, అంత ఆత్రంగా కాదు. (మనలో సాయంత్రం బజ్జీల వేళ తెలియనివారెవరు!)

మనుషులలో ఆ హార్మోను కార్టిసాల్. అది తెల్లవారుజామున పెరుగుతుంది. అందుకే ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ మాత్రలను చాలావరకు ఉదయం టిఫిన్ తర్వాత ఇస్తాము. వాటితో ఆకలి బాగా పెరుగుతుంది, రక్తంలో చక్కెర కూడా పెరగవచ్చు. ఆకలెక్కువైందని మాత్ర మీరే మానకండి. హఠాత్తుగా మానడం ప్రమాదం. డాక్టరుగారికి చెప్పండి.

వార్డులో మాకు ఎక్కువ దిగులు ఇన్సులిన్ వేసుకొనేవారి గురించే. కడుపు వేళకు అడుగుతుంది గానీ, ఇంటి నుండి క్యారియర్ వేళకు రాదు. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ పడ్డాక అన్నం ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. అప్పుడు తెలివిగా ఉన్నవారికి వెంటనే గ్లూకోజు నీళ్లో, చక్కెర నీళ్లో తాగించి సిస్టరును పిలవాలి. తెలివి తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు. బంధువులారా, క్యారియర్ మంచం పక్కకు చేరాకే, ఇంజెక్షనుకు రమ్మని మమ్మల్ని పిలవండి.