కోడి కంతిలో దొరికిన కేన్సర్ గుట్టు

పెరట్లో తిరిగే కోడిపెట్టకు రొమ్ము దగ్గర కంతి లేస్తే ఎవరైనా ఏం చేస్తారు? నాలుగు రోజులు చూసి పెంటదిబ్బ మీద పారేస్తారు. 1909లో అమెరికాలో ఒక రైతు పెంచిన పెట్టకు మాత్రం వేరే యోగం పట్టింది. అది న్యూయార్క్ నగరంలోని రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థకు చేరింది. ముప్పయి ఏళ్ల డాక్టరు పీటన్ రౌస్ దాన్ని పరీక్షించారు.

ఆ కంతి సార్కోమా అని తేలింది. మన పెద్దలు రాచపుండు అనే కేన్సర్‌లో ఇదొక జాతి. నోటిలో, గొంతులో, గర్భసంచిలో వచ్చే కేన్సర్లు లోపలి పొరల్లో పుడతాయి. సార్కోమా ఎముకలో, కండలో, కొవ్వులో పుడుతుంది. మనుషులలో అరుదు. అయితే వచ్చిన వారిలో చిన్నపిల్లలు కూడా ఉంటారు.

రౌస్ మొదట కంతి ముక్కలను అదే సంతతి కోళ్ల ఒంట్లో పెట్టారు. వాటికీ కంతులు లేచాయి. తర్వాత కంతిని ఇసుకతో నూరి, ఉప్పునీటిలో కలిపి, జీవకణం ఒక్కటి కూడా దాటలేనంత సన్నని వడపోత గుండా పంపారు. దిగిన తేటనీటిని సూదితో కోళ్లకు ఎక్కించారు. మళ్లీ కంతులు! గింజ పడకుండానే పైరు మొలిచినట్లయింది. వడపోతను దాటగలిగింది వైరస్ ఒక్కటే. ఈ సంగతిని ఆయన 1911లో ప్రకటించారు.

ఎవరూ లెక్కచేయలేదు. కోళ్ల జబ్బుకూ మనుషుల జబ్బుకూ సంబంధమేమిటన్నారు. ఎలుకల మీద ప్రయత్నిస్తే ఫలించలేదు. రౌస్ ఆ పని పక్కనపెట్టి, రక్తం పాడవకుండా నిలవచేసే ద్రావణం మీద పనిచేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికులకు అది ప్రాణం పోసింది. కోడి కంతికి నోబెల్ బహుమతి వచ్చేసరికి 1966 అయింది. అప్పటికి ఆయనకు 87 ఏళ్లు.

ఇంటిదొంగ

అసలు వింత ఆ తర్వాత బయటపడింది. రౌస్ వైరస్‌లో ఉన్నవి నాలుగే జన్యువులు. కంతిని పుట్టించేది వాటిలో ఒక్కటే. సార్కోమా అన్న మాటను కుదించి దానికి ‘సార్క్’ అని పేరుపెట్టారు. అది వైరస్‌కు ఎక్కడిది? శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ బిషప్, హెరాల్డ్ వార్మస్‌ల బృందం 1976లో జవాబు చెప్పింది. జబ్బు లేని కోళ్లలోనూ ఆ జన్యువు ఉంది. బాతులో ఉంది, కౌజులో ఉంది. తర్వాత మనిషిలోనూ ఉందని తేలింది. వైరసే ఎప్పుడో కోడి నుంచి దాన్ని ఎత్తుకుపోయింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటిదొంగను పట్టడానికి 65 ఏళ్లు పట్టింది. బిషప్, వార్మస్‌లకు 1989లో నోబెల్ ఇచ్చారు. ఆ ప్రయోగంలో ముఖ్యమైన పని చేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త డొమినిక్ స్టెహెలిన్‌కు మాత్రం వాటా దక్కలేదు.

నిజానికి ఈ జన్యువు పుట్టుకతో దొంగ కాదు. కణం ఎప్పుడు పెరగాలో చెప్పే వాటిలో అదొకటి. ఒంట్లో ఉన్నప్పుడు ముకుతాడు వేసిన ఎద్దులా పనిచేస్తుంది. వైరస్ ఎత్తుకుపోయినప్పుడు ముకుతాడు తెగింది. కణాలు ఆగకుండా పెరిగాయి. మనుషుల సార్కోమాలలో చాలావాటికి వైరస్‌తో పనే లేదు. కణం రెండుగా చీలేటప్పుడు జన్యువుల్లో దొర్లిన పొరపాటు చాలు. రౌస్ వైరస్ మనుషులకు జబ్బు తెచ్చినట్లు ఎక్కడా లేదు. కాబట్టి కోడికూర తినేవారికి ఈ భయం అక్కర్లేదు.

జన్యువులు చెడి కేన్సర్ వస్తుందన్న వాదాన్ని రౌస్ తన నోబెల్ ప్రసంగంలోనే కొట్టిపారేశారు. ఆయన 1970లో కన్నుమూశారు. తన కోడే తన మాట తప్పని చెప్పడాన్ని చూడలేదు.

ఆ దారిలో మందు కూడా దొరికింది. జీర్ణాశయం, పేగుల గోడల్లో పుట్టే ఒక రకం సార్కోమాలో ‘కిట్’ అనే జన్యువు ముకుతాడు తెంచుకుంటుంది. అది తయారుచేసే ప్రోటీన్‌ను అణిచే ఇమాటినిబ్ మాత్రను ఈ జబ్బుకు 2002లో అమెరికాలో అనుమతించారు. అంతకుముందు ఆపరేషన్‌కు లొంగని ఆ జబ్బుకు సరైన మందే లేదు.

మిగతా సార్కోమాలలో చాలావాటికి ఇప్పటికీ ఆపరేషనే ప్రధానం. ఎదిగే పిల్లలకు మోకాలి దగ్గర ఎముకలో వచ్చే సార్కోమాకు దానితోపాటు మందులూ ఎక్కిస్తారు. వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. అది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన లెడర్లే పరిశోధనశాలలో తయారైన మందు.