పొందూరు నూలు

శ్రీకాకుళము జిల్లాలో పొందూరను చిన్న పట్టణము కలదు. సన్నని ఖద్దరునకు అది పేరు పొందినది. 1921వ సంవత్సరమున గాంధీమహాత్ముడు తన కుమారుడగు దేవదాసును ఆ పని చూచి రమ్మని పంపెను. నాటినుండి నేటివరకు ఆ నేతను పొగడినవారు పెక్కుమంది. కాని సోదరీమణులారా, ఆ బట్టకు సన్నదనము మగ్గముమీద వచ్చినది కాదు. నేయువారు దేవాంగులు, వడకువారు మిక్కిలిగా పట్టుశాలి స్త్రీలు. సన్నదనమంతయు ఆ స్త్రీల చేతులలో, ఇంటి పంచలలో పుట్టుచున్నది.

కొండపత్తి, పునాసపత్తి, ఎఱ్ఱపత్తి వారికి ముడిసరకు. మొదట ఆకుతునకలను, చెత్తను చేతితో ఏరివేయుదురు. పిమ్మట వాలుగచేప దవడయెముకను చిన్న కఱ్ఱకు కట్టి, అందలి సన్నని పండ్లతో గింజ నంటియున్న పోగులను దువ్వుదురు. ఆ పండ్లు నలుసును పట్టును గాని పోగును తెంపవు. చేప దవడతో పత్తి దువ్వవచ్చునని మొదట కనిపెట్టిన తల్లి యెవరో! తరువాత పలకమీద పత్తి నుంచి, ఇనుపకడ్డీని దొరలించి గింజ తీయుదురు. చిన్నవింటితో ఏకి, ఏకులు చుట్టి, అవి చేతితడికి మాయకుండ ఎండిన అరటిపట్టలో పెట్టుకొని రాట్నముకడ కూర్చుందురు. 100 నంబరు నూలు ఇట్లు వచ్చును. బియ్యములో మట్టిగడ్డ లేరిన మనకు ఇందలి ఓర్పు కొంత తెలియకపోదు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్షుడను అధికారి కలడు. నూలు సన్నమో, ముతకయో, మధ్యమమో చూచి వడకినవారికి వేతన మేర్పఱచుట అతని విధి. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీలచే పని పంపుటయు అందు చెప్పబడినది.

పొందూరిలో 1949లో ఏర్పడిన కార్మికుల సంఘ మొకటి పత్తి నిచ్చి నూలు తీసికొనుచున్నది. అయినను నేడు రాట్నముకడ కనబడువారిలో వృద్ధురాండ్రే హెచ్చు. కూతుండ్రు, కోడండ్రు ఈ పని నేర్చుటకు ఇష్టపడుట లేదు. వారిని నేను తప్పుపట్టజాలను. దినమెల్ల మెడ వంచి వడకినను వచ్చునది పొలముపని కూలికంటె తక్కువ. కన్ను మసకబాఱుట వేఱు.

మొన్న పండుగకు మావారికి పొందూరు ధోవతి కొనుచు, దీని వెలలో వడకినయామెకు ముట్టున దెంతయని అంగడివాని నడిగితిని. అతడు మడత విప్పి అంచు చూపెను.