పులివేషం సరే, రంగేది?

పీర్ల పండగొస్తే మా వైపు పల్లెల్లో పిల్లలు పులివేషం వేసి, తప్పెట మోతకు ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. వద్దనను, చిన్నప్పుడు నేనూ వేశాను. కానీ ఒంటికి పూసేది తలుపులకు వేసే ఆయిల్ పెయింట్ కాకూడదు. అది వదలాలంటే కిరసనాయిలు రుద్దుతారు. చర్మం మండి పొక్కుతుంది. ఆ ఒంటితోనే బిడ్డ గుండం దగ్గరికి వెళితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నీళ్లతో కడిగితే పోయే రంగే వాడండి. ముందురోజు మోచేతి లోపల చుక్క పూసి, దురద వస్తుందేమో చూడండి. కళ్ల చుట్టూ పూయొద్దు.

గుండం ఆరినట్టే ఉంటుంది. మర్నాడు కూడా బూడిద కింద నిప్పు ఉండొచ్చు. పిల్లలు ఆడుకుంటూ కాలు పెట్టేది అప్పుడే. నీళ్లు పోసి పూర్తిగా ఆర్పించండి, లేదా చుట్టూ కంప వేయించండి.

కాలితే వెంటనే 20 నిమిషాలు చల్లటి నీళ్లు ధారగా పోయాలి. కరువు సీమే, అయినా ఆ నాలుగు బిందెలకు వెనకాడొద్దు. టూత్‌పేస్టు, సిరా, ఐసు ఏదీ వద్దు. బొబ్బలు చిదపకండి. ముఖం, చేతులు, పాదాలు కాలినా, గాయం బిడ్డ అరచేయంత ఉన్నా ఆసుపత్రికి తీసుకురండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

అన్నట్టు, ఇళ్లలో పెట్టే పుట్నాలు, శనక్కాయలు ఐదేళ్లలోపు పిల్లల నోట్లో వేయకండి. ఎగురుతూ నవ్వుతూ తింటే గొంతుకు అడ్డం పడతాయి.