ప్లాన్ ఒక్కటే.. షీట్లు నాలుగు!

నిజాంపేటలో ఏ సందులోకి వెళ్లినా స్టిల్ట్ మీద ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటి లేస్తూ కనిపిస్తుంది. ఆ సైట్లో మేస్త్రీ చేతిలో ఉండే షీటు వేరు, ఎలక్ట్రీషియన్‌ది వేరు, ప్లంబర్‌ది వేరు. గోడలు మాత్రం మూడింటిలోనూ అవే! సివిల్ డిప్లొమానో, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సో పూర్తిచేసి ఆటోక్యాడ్ మీద ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే ఈ షీట్లను ఎలా తయారుచేస్తారో మీకు బాగా తెలిసి ఉండాలి.

కాపీ కొడితే కష్టమే

కొత్తవాళ్లు చాలామంది ఒకే ప్లాన్‌ను నాలుగుసార్లు కాపీ చేసి, ఒక్కోదాంట్లో అక్కర్లేనివి చెరిపేస్తారు. చూడ్డానికి సులువే. కానీ బెడ్‌రూమ్ తలుపు అటు చివరికి జరపమని ఓనర్ అన్నారనుకోండి. మూడు ప్లాన్లలో మార్చి, ఎలక్ట్రికల్ షీటులో మర్చిపోతే? స్విచ్‌బోర్డు తలుపు వెనక్కి పోతుంది. గోడకు మళ్లీ గాడి కొట్టాలి, మళ్లీ ప్లాస్టరింగ్ చేయాలి. మాట పడేది మాత్రం మీరే.

వ్యూపోర్ట్ అంటే కిటికీ

మోడల్ స్పేస్‌లో ప్లాన్‌ను అసలు కొలతలతో ఒక్కసారే గీయండి. లేఅవుట్ అంటే ప్రింటు తీసే కాగితం. ఆ కాగితానికి పెట్టిన కిటికీయే వ్యూపోర్ట్. అన్ని కిటికీల్లోంచీ కనిపించేది ఒకే ప్లాన్. ఏ కిటికీలో ఏ లేయర్ కనిపించాలో నిర్ణయించేది వీపీ ఫ్రీజ్. మామూలు ఆఫ్, ఫ్రీజ్ మొత్తం ఫైలుకు వర్తిస్తాయి. వీపీ ఫ్రీజ్ ఆ ఒక్క వ్యూపోర్ట్‌కే.

ఇలా చేయండి

- గోడలు, తలుపులు, ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఫర్నిచర్, కొలతలు.. అన్నింటికీ విడివిడి లేయర్లు పెట్టుకోండి.
- లేఅవుట్‌లోకి వెళ్లి వ్యూపోర్ట్ లోపల డబుల్ క్లిక్ చేయండి. దాని అంచు మందంగా మారుతుంది.
- ఎల్ఏ అని టైప్ చేస్తే లేయర్ల పట్టిక వస్తుంది. ఆ షీటుకు అక్కర్లేని లేయర్లను వీపీ ఫ్రీజ్ గడిలో ఫ్రీజ్ చేయండి. ఈ గడి లేఅవుట్‌లో ఉన్నప్పుడే కనిపిస్తుంది.
- వ్యూపోర్ట్‌కు 1:100 లేదా 1:50 స్కేలు ఇచ్చి లాక్ చేయండి. లేదంటే జూమ్ చేసినప్పుడు స్కేలు చెదిరిపోతుంది.
- వ్యూపోర్ట్‌లు ఎక్కువుంటే వీపీలేయర్ కమాండ్ వాడండి. ఒక లేయర్‌ను ఎంచుకున్న వాటన్నింటిలో ఒకేసారి దాచేయొచ్చు.

ఎలక్ట్రికల్ షీటులో గోడలు కాస్త లేతగా కనిపిస్తే వైరింగ్ స్పష్టంగా తెలుస్తుంది. అందుకు గోడల లేయర్‌కు ఆ వ్యూపోర్ట్‌లో మాత్రమే వీపీ కలర్‌తో బూడిద రంగు ఇవ్వండి. మిగతా షీట్లలో రంగు మారదు.

ఇక్కడ జాగ్రత్త

వీపీ ఫ్రీజ్ బదులు పొరపాటున పక్కనున్న మామూలు ఫ్రీజ్ నొక్కితే ఆ లేయర్ అన్ని షీట్లలోనూ మాయమవుతుంది. అప్పుడు వ్యూపోర్ట్‌లో ఎంత వెతికినా రాదు, ముందు అసలు ఫ్రీజ్ తీయాలి. ఇంకోటి: మధ్యలో కొత్త లేయర్ చేరిస్తే అది పాత వ్యూపోర్ట్‌లన్నింటిలోనూ కనిపిస్తుంది. ఏసీ పైపులు ప్లంబర్ షీటులోకి వచ్చేసేది ఇలాగే. అన్ని వ్యూపోర్ట్‌లలో ఫ్రీజ్ అయి ఉండేలా కొత్త లేయర్ సృష్టించే బటన్ పట్టికలోనే ఉంది. దాన్ని వాడి, కావాల్సిన చోట మాత్రం తెరవండి. వ్యూపోర్ట్ గీతలకు విడిగా ఒక లేయర్ పెట్టి ప్లాట్ ఆపేస్తే ప్రింటులో ఆ డబ్బా గీత పడదు.

అన్నింటికన్నా ముఖ్యం, ఏ గీతను ఆ లేయర్‌లోనే గీయడం. అన్నీ సున్నా లేయర్‌లో గీసేస్తే పైన చెప్పిన ఏ పద్ధతీ పనిచేయదు. రేపు రెవిట్‌కు మారినా ఆలోచన ఇదే: మోడల్ ఒకటే, చూపించే తీరే వేరు.

ఈ వారమే మొదలుపెట్టండి

అర్హత ఉన్న విద్యార్థులకు ఆటోడెస్క్ ఏడాదిపాటు సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇస్తుంది. టేపు పట్టుకుని మీరుండే ఇల్లో, హాస్టల్ గదో కొలవండి. ఒక్కసారే గీసి నాలుగు షీట్లు తీయండి. తర్వాత ఒక తలుపు జరిపి చూడండి. నాలుగు షీట్లలోనూ దానంతటదే జరిగిందా? ఆ ఫైలును ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి. అందులో పని వచ్చని మీరు చెప్పక్కర్లేదు, చూపిస్తే చాలు.