పట్టణ ప్రణాళికా రంగం - ఓరుగల్లు విద్యార్థులకు చక్కని ఉపాధి మార్గం

వరంగల్: కాకతీయుల రాజధానిగా వెలుగొందిన ఓరుగల్లు నగర నిర్మాణానికి పెట్టింది పేరు. నడుమ రాతికోట, దాని చుట్టూ అగడ్త, ఆ వెలుపల మట్టికోట, నలుదిక్కుల నుండి కోట మధ్యభాగానికి చేరే దారులు, పరిసరాలలో చెరువులు ఆనాటి పాలకుల ముందుచూపునకు నిదర్శనాలు. అదే నగరంలో 2020 ఆగస్టులో కురిసిన భారీ వర్షాలకు హన్మకొండలోని నయీంనగర్ నాలా పరిసర కాలనీలు నీట మునిగాయి. 2023 జూలైలో పలు కాలనీలు మరల జలమయం కాగా, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. వర్షాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అయితే వాననీరు పోయే దారిని కాపాడడం, ఇళ్ళు ఎక్కడ కట్టవచ్చునో, ఎక్కడ కట్టరాదో ముందుగా నిర్ణయించడం మానవ సాధ్యమే. ఆ పనిని శాస్త్రీయంగా అభ్యసించినవారే పట్టణ ప్రణాళికా నిపుణులు.

వీరి కొరత దేశమంతటా ఉన్నది. నీతి ఆయోగ్ 2021 సెప్టెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం రాష్ట్రాల పట్టణ ప్రణాళికా శాఖలకు 12,000కు పైగా ప్లానర్ పోస్టులు అవసరం కాగా, మంజూరైనవి 4,000 లోపే. వాటిలోనూ దాదాపు సగం ఖాళీగా ఉన్నట్లు నివేదిక పేర్కొన్నది. దేశంలోని 7,933 పట్టణ ప్రాంతాలలో 65 శాతానికి మాస్టర్ ప్లాన్ లేదని కూడా వెల్లడించింది. 1992లో ఆమోదం పొందిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 12వ షెడ్యూలులోని 18 అంశాలలో మొదటిది పట్టణ ప్రణాళికే కావడం గమనార్హం.

ఈ రంగంలో ప్రవేశించదలచిన విద్యార్థి ఇంటర్మీడియట్‌లోనే నిర్ణయం తీసుకోవడం మేలు. నాలుగు సంవత్సరాల బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్ కోర్సుకు ఇంటర్మీడియట్‌లో గణితం తప్పనిసరి. 2008లో ఏర్పాటైన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌తో పాటు ఢిల్లీ, భోపాల్‌లలోని అదే తరహా జాతీయ సంస్థలలో జేఈఈ మెయిన్ పేపర్-2బి ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. పేపర్-1కు మాత్రమే దరఖాస్తు చేసినవారు ఈ అవకాశాన్ని కోల్పోతారు. చిత్రలేఖన పరీక్ష ఆర్కిటెక్చర్ అభ్యర్థులకే గాని ప్లానింగ్ అభ్యర్థులకు లేదు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనూ ప్లానింగ్ డిగ్రీ కోర్సు కలదు.

ఇతర మార్గాలూ లేకపోలేదు. సివిల్ ఇంజనీరింగ్ లేదా ఆర్కిటెక్చర్ పట్టభద్రులు గేట్ పరీక్ష ద్వారా రెండు సంవత్సరాల మాస్టర్ ఆఫ్ ప్లానింగ్‌లో చేరవచ్చును. భూగోళ, ఆర్థిక, సమాజ శాస్త్రాలలో ఎం.ఏ. చేసినవారిని సైతం కొన్ని సంస్థలు చేర్చుకుంటున్నాయి. వరంగల్‌లోని ఎన్.ఐ.టి.లో సివిల్ ఇంజనీరింగ్‌తో పాటు రవాణా ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. కోర్సు ఉన్నందున, నగర రవాణాపై ఆసక్తి గలవారు జిల్లా దాటకుండానే తొలి అడుగు వేయవచ్చును.

ఉద్యోగాల విషయానికి వస్తే, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022లో 175 టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్సీర్ పోస్టులకు ప్రకటన జారీ చేసింది. నగరపాలక సంస్థలోని ప్రణాళికా విభాగం భవన అనుమతులను పరిశీలించగా, 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద ఏర్పడిన కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) మాస్టర్ ప్లాన్, భూ వినియోగం, లేఅవుట్ల వ్యవహారాలు చూస్తున్నది. ప్రైవేటు కన్సల్టెన్సీలలోనూ అవకాశాలు ఉన్నవి.

కోర్సులో చేరేవరకు వేచి ఉండనవసరం లేదు. కుడా 2041 మాస్టర్ ప్లాన్ పటాన్ని ముందుంచుకుని, ఇస్రో వారి భువన్ పోర్టల్‌లోని ఉపగ్రహ చిత్రాలతో తమ వార్డును పోల్చి చూడవచ్చును. వడ్డేపల్లి చెరువు పూర్తి నీటి మట్టం ఎంతవరకు, అలుగు పారిన నీరు ఏ నాలాలో కలుస్తున్నది, ఆ నాలా ఎక్కడ ఇరుకైనది అన్న ప్రశ్నలకు నడిచి వెళ్ళి సమాధానం రాసుకున్న విద్యార్థి ఈ వృత్తిలో తొలి పాఠం నేర్చినట్లే. ఉచితంగా లభించే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌పై ఆ వివరాలను పటంగా మలచడం రెండవ పాఠం.

కాలనీ మునిగిన తరువాత నాలా వెడల్పు చేయడం కంటే, లేఅవుట్ దశలోనే దానికి చోటు వదలడం ఎంతో చౌక. ఆ దశలో నిలబడి "ఇక్కడ కట్టరాదు" అని ఆధారాలతో చెప్పగల యువతీయువకులు ఓరుగల్లుకు నేడు అవసరం. అధ్యాపకులు, తల్లిదండ్రులు ఈ కోర్సులను గురించి పదవ తరగతి పూర్తయిన నాటి నుండే పిల్లలకు తెలియజేయడం శ్రేయస్కరం.